కొంగలు వచ్చాయి, అమ్మలు వచ్చారు

నాట్ల కాలంలో నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పొలం గట్టున నిలబడి నాలుగు ఫొటోలు తీయండి. ఒకదానిలో నారు పట్టుకున్న ఒక అమ్మ, ఇంకోదానిలో వరుసగా వంగిన అమ్మలు. మూడోదానిలో బురదలో ఒక కొంగ, నాలుగోదానిలో కొంగల గుంపు. వీటిని మూడో తరగతి పిల్లలకు చూపించి, 'వచ్చు' అనే క్రియతో తలా ఒక వాక్యం చెప్పమనండి. అమ్మ వచ్చింది. అమ్మలు వచ్చారు. కొంగ వచ్చింది. కొంగలు వచ్చాయి.

తెలుగు ఇంట పెరిగిన బిడ్డ ఇందులో తడబడదు. అప్పుడు అసలు ప్రశ్న అడగాలి. ఒక్కరుగా ఉన్నప్పుడు అమ్మకూ కొంగకూ 'వచ్చింది' సరిపోయింది కదా, గుంపుగా ఉన్నప్పుడు దారులెందుకు విడిపోయాయి? నాన్న ఫొటో కూడా పక్కన పెడితే చిక్కు విడిపోతుంది: నాన్న వచ్చాడు, నాన్నలు వచ్చారు. ఏకవచనంలో కొంగతో నడిచిన అమ్మ, బహువచనంలో నాన్నలతో కలిసింది. చిన్నయసూరి బాలవ్యాకరణం మహత్తు (మగవాళ్ళు), మహతి (ఆడవాళ్ళు), అమహత్తు (మిగతావి) అని విడదీసి చెప్పింది ఈ సంగతినే.

బిడ్డ నాలుక మీద వ్యాకరణం ముందే ఉంది. బడి చేయాల్సింది దాన్ని కంటికి చూపించడం. పలికిన మాట గాలిలో కలిసిపోతుంది. ఫొటో మాత్రం కదలకుండా నిలబడి, మళ్ళీ మళ్ళీ చూడనిస్తుంది. ఫొటోలతో వ్యాకరణం చెప్పడంలోని బలం అదే.

బొమ్మకూ మాటకూ పాత చుట్టరికం

నెల్లూరు సీమకు వ్యాకరణం పరాయిది కాదు. 13వ శతాబ్దంలో ఈ సీమ కవి తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతనే 'ఆంధ్రభాషాభూషణం' రాశాడు. తెలుగు వ్యాకరణాన్ని తెలుగులోనే చెప్పిన తొలి పుస్తకం అది. బొమ్మతో భాష నేర్పడమూ పాతదే. 1658లో కొమీనియస్ నూరెంబర్గ్‌లో అచ్చువేయించిన పిల్లల పుస్తకంలో, బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, అవే అంకెలను వాక్యంలోని మాటల పక్కన ఉంచాడు. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో పావులో ఫ్రెయిరే బృందం గోడ మీద బొమ్మల స్లయిడ్లు వేసి, వాటి గురించి కూలీల చేత మాట్లాడించి, ఆ మాటల్లోంచే అక్షరాలు నేర్పింది.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమానిదీ అదే బాట. ముందు బొమ్మ చూడాలి, దాని గురించి మాట్లాడాలి, తరవాతే మాట చదవాలి. ఆ ఉద్యమపు రాత్రి బడుల్లో మొదలైన మాటలు దూబగుంటలో రోశమ్మలాంటి ఆడవాళ్ళను సారా మీద పోరుకు నడిపించాయి. బొమ్మ ముందు నోరు విప్పిన మనిషి ఎంత దూరం వెళ్ళగలదో ఈ జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ బొమ్మలన్నీ పెద్దలు తయారుచేసి ఇచ్చినవి. అమెరికా ఫొటోగ్రాఫర్ వెండీ ఇవాల్డ్ ఒక అడుగు ముందుకు వేసి, గుజరాత్ పల్లె పిల్లలతో సహా ఎందరో పిల్లల చేతికే కెమెరా ఇచ్చింది. తాను తీసిన ఫొటో గురించి చెప్పాలని బిడ్డకు ఆరాటం ఉంటుంది. ఆ ఆరాటమే వాక్యాన్ని వెతుక్కుంటుంది.

ఆరు ఫొటోలు చాలు

మన బడిలో ఇది చేయాలంటే, పిల్లలు నలుగురేసి జట్టు కట్టాలి. టీచరు ఫోనొక్కటి వంతులవారీగా తిరిగితే చాలు. జట్టుకు ఆరు ఫొటోలే అని ముందే చెప్పాలి. హద్దు ఉంటేనే దేన్ని తీయాలో, దేన్ని వదలాలో పిల్లలు వాదించుకుంటారు. రోజుకు ఒక్క వ్యాకరణాంశమే పెట్టుకోవాలి.

విశేషణం రోజున ఒకే వస్తువును దూరం నుంచీ దగ్గర నుంచీ తీయించాలి. మైపాడు సముద్రం ఒడ్డున దూరం నుంచి చూస్తే అది వల. దగ్గరికి వెళితే తడి వల, చిరిగిన వల, నీలం వల. విభక్తుల రోజున వస్తువు మారదు, చోటు మారుతుంది. పడవలో తాడు, పడవకు తాడు, పడవ మీద తాడు. 'కంటే' కావాలంటే ఒకే ఫొటోలో రెండు రొయ్యలుండాలి. ప్రత్యయాలను చీటీల మీద రాసి ఫొటోల కింద పెట్టమంటే, తప్పు చీటీని పిల్లలే ఏరిపారేస్తారు. వచనాల రోజున గూడు–గూళ్ళు, రాయి–రాళ్ళు, చెట్టు–చెట్లు జతలు పోగవుతాయి. కాలవ ఫొటో దగ్గర మాత్రం 'నీళ్ళు'కు ఏకవచనం ఏమిటో తేలక తరగతి ఆగిపోతుంది. ఆ ఆగడం మంచిది, తొందరపడి జవాబు చెప్పకూడదు.

బిడ్డ "యాడికి పోతుండాడు?" అని రాస్తే కొట్టేయకండి. 'యాడికి'లోనూ 'ఎక్కడికి'లోనూ ఉన్నది ఒకటే 'కి'. రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే, ఇంటి మాటకు గౌరవం దక్కుతుంది, బడి మాటా వస్తుంది.

వరుసలో పుట్టే వాక్యం

విడి ఫొటోలను వరుసగా పేర్చినప్పుడు తెలుగు వాక్యం గుట్టు బయటపడుతుంది. వల విసిరాడు, లాగాడు, చేపలు ఏరాడు, బుట్టలో వేశాడు. నాలుగు స్లయిడ్లు, నాలుగు వాక్యాలు. వీటిని ఒక్క వాక్యం చేయమనండి: "వల విసిరి, లాగి, చేపలు ఏరి, బుట్టలో వేశాడు." ఎక్కడా 'మరియు' అవసరం రాలేదు. ఆ 'ఇ'కారాన్ని పై తరగతుల్లో క్త్వార్థకం అంటారు.

ఇప్పుడు మూడో స్లయిడులో చేపలు ఏరేది అమ్మ అయితే? "నాన్న వల లాగి అమ్మ చేపలు ఏరింది" అంటే చెవికి ఎబ్బెట్టు. "నాన్న వల లాగాక" అని పిల్లలే సర్దుకుంటారు. మామూలుగా పనులన్నీ ఒకే కర్త చేస్తేనే క్త్వార్థకం కుదురుతుందన్న నియమం వాళ్ళకు అలా చిక్కుతుంది. రెండు పనులు ఒకే ఫొటోలో ఉంటే 'పాడుతూ నాటుతున్నారు' అని శత్రర్థకం వస్తుంది.

చివరి రోజు జట్టంతా తెర ముందు నిలబడుతుంది. 'నాడు–నేడు' పథకంలో స్మార్ట్ టీవీ వచ్చిన బడిలో దాని మీద వేయవచ్చు. లేనిచోట ఫొటోలు అచ్చు తీసి దండేనికి వరుసగా తగిలించవచ్చు. "మేం మైపాడు వెళ్ళాం" అని ఒక బిడ్డ మొదలుపెడుతుంది. వింటున్నవాళ్ళూ ఆ రోజు వెంట ఉంటే అది 'మనం' కావాలి. ఎదుట వినేవాళ్ళు లేకపోతే ఈ తేడాకు ప్రాణం లేదు. స్లైడ్‌షోను జట్టుగా, పదిమంది ముందు చూపించాలనడం అందుకే.

ఒక మర్యాద మాత్రం తప్పకూడదు. మనిషిని తీసే ముందు అడగాలి, వద్దంటే వదిలేయాలి. పిల్లల ఫొటోలు బడి గడప దాటకూడదు.

ఫొటోలో లేనిది

ఫొటోకు రానివీ ఉన్నాయి. నిన్న, రేపు దానికి తెలియవు. 'కాదు', 'లేదు' అనడం చేతకాదు. ఒక బిడ్డ ఖాళీ ఒడ్డును తీసుకొచ్చిందనుకోండి. ఇసుక, అలలు, అంతే. పేర్లు చెప్పమంటే రెండు మాటలతో అయిపోతుంది. కింద వాక్యం రాయమంటే ఆ బిడ్డ రాస్తుంది: "నాన్న పడవ ఇంకా రాలేదు."

ఫొటోలో నాన్న లేడు, పడవ లేదు. ఆ రెండింటినీ ఒడ్డుకు తెచ్చింది ఒక వ్యతిరేక క్రియ.