బొటనవేలికి నచ్చిన గిటార్

గిటార్ కొట్టుకి వెళ్లినవాళ్లు ముందుగా చేసే పని ఒకటుంది. గోడమీంచి దింపించిన గిటార్‌ని ఒళ్లో పెట్టుకుని ఆరు తీగల్నీ ఒక్కసారిగా మీటుతారు. కొట్టంతా మోగుతుంది. ఆ మోతకే మనసు పడిపోతుంది. పద్నాలుగేళ్ల కిందట నేనూ అలాగే పడిపోయి, డ్రెడ్‌నాట్ అనే పెద్ద పొట్ట గిటార్ ఒకటి కొనుక్కుని హైదరాబాద్‌లో విశాఖ రైలెక్కాను.

కొన్నది మాత్రం బ్లూస్ కోసం. రాత్రుళ్లు మిసిసిపీ జాన్ హర్ట్ పాటలు వింటూ గడిపిన రోజులవి. అవలాన్ అనే చిన్న ఊళ్లో పొలం పనులు చేసుకునే మనిషి ఆయన. 1928లో ఓకే అనే రికార్డు కంపెనీకి కొన్ని పాటలు రికార్డు చేసి, మళ్లీ పొలానికే వెళ్లిపోయాడు. ఒక పాటలో తన ఊరి పేరు పాడుకున్నాడు. 1963లో ఓ అభిమాని ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే అక్కడే ఉన్నాడు. ఆయన వాయింపులో బొటనవేలు మంద్రపు తీగల మీద ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు వేస్తూ పోతుంది. చూపుడువేలు, మధ్యవేలు పై తీగల మీద పాట అందుకుంటాయి. ఒక్కడే మనిషి, నడుస్తూ తనలో తాను పాడుకుంటున్నట్టుంటుంది.

నా గిటార్‌లో ఆ నడక వినపడేది కాదు. ఒక మంద్రస్వరం ఆరకముందే రెండోది వచ్చి దానిమీద పడేది. రెండూ కలిసి గుమ్మని మూలిగేవి, ఆ గుమ్ములో పైనున్న పాట మునిగిపోయేది. తప్పు నా వేళ్లదేనని రెండేళ్లు సాధన చేశాను. తర్వాతే ఆ గిటార్ పుట్టుక గురించి చదివాను. 1916లో మార్టిన్ అనే గిటార్ కంపెనీ వాళ్లు డిట్సన్ అనే సంస్థ కోసం ఆ నమూనా చేశారు. 1931 నుంచి సొంత పేరుతో అమ్మారు. యుద్ధనౌక పేరే పెట్టారు. గొంతెత్తి పాడేవాళ్ల వెనక నిండుగా మోగడంలో దానికి సాటి లేదు. నేను దాన్ని అడిగింది వేరే పని.

పాత బ్లూస్ గాయకుల్లో చాలామంది చేతుల్లో ఉన్నవి చవక గిటార్లు. జెర్సీ సిటీలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ చేసిన స్టెల్లాల్లాంటివి. మార్టిన్ గిటార్ల పైచెక్క లోపల బద్దలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. స్టెల్లాలో అవి నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. అందువల్ల స్వరం చటుక్కున పుట్టి, చటుక్కున ఆరిపోతుంది. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నేననను. బొటనవేలు ఆగకుండా నడవాలంటే, ముందు వేసిన అడుగు దారిలోంచి తప్పుకోవాలి కదా!

నా మాటకు ఎదురు సాక్ష్యం కూడా ఉంది. మరో పాత బ్లూస్ గాయకుడు రెవరెండ్ గ్యారీ డేవిస్ వాయించింది గిబ్సన్ జె-200, చాలా పెద్ద గిటార్. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెంటితోనే వాయించేవాడు. అయినా ప్రతి స్వరమూ విడిగా వినపడుతుంది. ఆ గిటార్ పక్కలూ వెనకా మేపుల్ చెక్క. మేపుల్ శబ్దం పొడిగా ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి కలిసిపోదు. కాబట్టి కొలతే సర్వస్వమని చెప్పలేను. అయినా మొదటిసారి కొనేవాళ్లకి చిన్న పొట్ట, సన్నని నడుమున్న గిటారే చెబుతాను. రెండోసారి వెలుగులోకొచ్చాక హర్ట్ వాయించిన గిల్డ్ ఎఫ్-30 కూడా మధ్యస్థమైన సైజుదే.

మెడ సంగతి చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. పైన నట్ దగ్గర వెడల్పు 43 మిల్లీమీటర్లా, 44.5 ఆ? ఒకటిన్నర మిల్లీమీటరే తేడా, వేళ్లకి అది గది వసారా అయినంత. అలాగని మరీ వెడల్పైతే, ఎడమ బొటనవేలిని మెడమీంచి చుట్టి ఆరో తీగ నొక్కడం కుదరదు. ఆ పట్టు లేకుండా ఈ సంగీతంలో సగం పాటలు రావు. తీగ పొడవు కూడా చూడాలి. 25.4 అంగుళాల దానికంటే 24.9 అంగుళాల దానిలో బిగువు తక్కువ, తీగ సులువుగా వంగుతుంది. బ్లూస్ ప్రాణం ఆ వంపులోనే ఉంది. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలబడే స్వరం అది. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినవాళ్లకి నేను వివరించనక్కర్లేదు.

ఇంకో మాట, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల కోసం. నా డ్రెడ్‌నాట్ పైచెక్క ఒకే పలక స్ప్రూస్. రెండో వానాకాలానికి తేమ పీల్చి బ్రిడ్జ్ వెనక ఉబ్బింది. తీగలు పైకి లేచి, నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. అలాంటి గిటార్ కొంటే, తేమ పీల్చే పొట్లాలు వేసి పెట్టెలోనే ఉంచాలి. ఉంచలేమనుకుంటే, పొరలు అతికించిన చెక్కది తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

మొన్న ఆదివారం మా మేనల్లుడు కొట్లోంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, మూడు చూశాను, మూడూ బాగున్నాయి."

"అన్ని తీగలూ మీటకు. సి కార్డ్ పట్టుకో. కుడి అరచేతి అంచు బ్రిడ్జ్ మీద ఆనించి, బొటనవేలొక్కటే ఆడించు. ఐదు, నాలుగు, ఐదు, నాలుగు."

ఫోన్ గిటార్ దగ్గర పెట్టాడు. మొదటిది గుమ్మని మూలిగింది. రెండోది అంతకంటే గట్టిగా. మూడోదాంట్లో ఐదో తీగ పలికి ఆగింది, నాలుగోది పలికి ఆగింది. మళ్లీ ఒకసారి వాయించమన్నాను. తర్వాత ధరెంతో కనుక్కోమన్నాను.