ఇనుము కనబడుతోందా?

మా వీధి కుర్రాడు కారు కొని ఏడాది కూడా కాలేదు. చౌటుప్పల్ దగ్గర కంకర టిప్పర్ వెనకాల వస్తుంటే రాయి ఎగిరొచ్చి బానెట్ అంచుకు తగిలింది. బియ్యపు గింజంత పెయింటు లేచిపోయింది. షాపుకు తీసుకెళ్తే బానెట్ మొత్తం పెయింట్ చేయాలన్నారట. ఖర్చు గురించి బెంగ వద్దు, ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం అని కూడా అన్నారట. ఈ వారమంతా నాకు అదే కోపం. క్లెయిమ్ లేకుండా ఒక్క ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. ఐదేళ్లు నిలబెట్టుకుంటే అది 50 శాతానికి చేరుతుంది. ఇంత చిన్న దెబ్బకు దాన్ని వదులుకోమంటారా?

నా పాత పాట మీకు తెలిసిందే. కుళాయి వాషరైనా, సైకిల్ పంక్చరైనా ఇంట్లో అయ్యే పని ఇంట్లోనే కావాలి. ఇదీ అలాంటి పనే. డోర్ తీస్తే పక్క స్తంభం మీదో, బానెట్ కిందో స్టిక్కర్ మీద రంగు కోడ్ ఉంటుంది. ఆ కోడ్‌కు సరిపడే టచప్ సీసా, చిన్న క్లియర్ కోట్ సీసా తెచ్చుకుంటే చాలు.

ఈ పని నేను మొదట చూసింది విజయవాడ ఆటోనగర్‌లో. మా బాబాయికి లారీ ఉండేది. బాడీ పనికి దాన్ని అక్కడ పెట్టినప్పుడల్లా నేనూ వెంట వెళ్లేవాణ్ణి. ఒక పెద్దాయన క్యాబిన్ తలుపు మీద తుప్పు చుక్కల ముందు గొంతుక్కూర్చునేవాడు. బ్లేడు మొనతో గీకి, ఎర్రతుప్పు పోయి ఇనుము తెల్లగా మెరిసేదాకా ఆగేవాడు కాదు. థిన్నర్ గుడ్డతో తుడిచేవాడు. తర్వాత గుంట అంచు చుట్టూ గోటితో తడిమేవాడు. గోరు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పాత రంగు ఇంకా లేస్తోందన్నమాట, మళ్లీ గీకాల్సిందే. అప్పుడు చీపురుపుల్లను చెక్కి, రంగులో ముంచి, గుంట మధ్యలో ఒక్క బొట్టు పెట్టేవాడు. పూసేవాడు కాదు. బొట్టు దానంతటదే అంచుదాకా పాకేది. ఆరేసరికి రంగు కుంగేది. మళ్లీ ఇంకో బొట్టు. లోడుకు టైమైపోతోందని బాబాయి తొందరపెడితే ఒకటే జవాబు: “ముందు ఇనుముకు గాలి తగలకూడదు ఓనరుగారూ, అందం తర్వాత చూద్దాం.”

ఇంటి దగ్గరా పద్ధతి అదే. కాలిన బానెట్ మీద రంగు పైపైన తెట్టుకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వాన ముసురులో వేస్తే తేమకు పాలిపోతుంది. పొడి రోజు చూసుకుని పొద్దున్నే నీడలో మొదలుపెట్టాలి. సీసా మూతకున్న కుంచె ఈ పనికి మరీ లావు, అగ్గిపుల్ల చెక్కుకోండి. క్లియర్ కోట్ వేశాక వారం ఆగి 2000 నంబరు వాటర్ పేపర్‌తో రుద్దేవాళ్లున్నారు. కారు మీది పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే మరికాస్త. చెయ్యి కుదురుగా లేనివాళ్లు రుద్దకపోవడమే మేలు.

ఇంతదాకా రాశాక షాపువాళ్ల మాటలో నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. కుర్రాడి కారు సిల్వర్. అందులోని మెరుపు రేకులు గన్‌తో కొట్టినప్పుడు ఒకలా, పుల్లతో పెట్టినప్పుడు ఇంకోలా పడుకుంటాయి. కోడ్ సరిపోయినా వెలుగులో తేడా తెలుస్తుంది. మచ్చ అసలు కనపడకూడదంటే ప్యానెల్ మొత్తం కొట్టాల్సిందే. ఇంటి టచప్‌తో కారు కొత్తదైపోతుందని ఆశపడకూడదు. అది తుప్పును ఆపుతుంది. కుర్రాడికి అదే చెప్పాను: మచ్చ కనపడితే కనపడనీ, తుప్పు పట్టకపోతే చాలు.

అందుకే రంగు కొనేముందు గుంటలోకి చూడండి. బూడిదరంగు ప్రైమర్ కనిపిస్తే కంగారు లేదు, నింపాదిగా చేసుకోవచ్చు. బంపర్ అయితే ప్లాస్టిక్, దానికి తుప్పే లేదు, వదిలేయండి. రేకు మెరుస్తుంటే మాత్రం ఈ ఆదివారమే పని ముగించండి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఉండేవాళ్లు ఆదివారం దాకా కూడా ఆగొద్దు.