రాత్రి వంటిల్లు

మా గోదావరి తీరమున వర్షాకాలము ప్రవేశించి, గోడలు చెమర్చి, బీరువాలోని బట్టలకు సైతము ముక్కవాసన పట్టు దినములలో, ఏ యింటికి పోయినను రెండు ప్రాణులను గూర్చిన మొర వినవచ్చును. ఒకటి బొద్దింక, రెండవది బల్లి. మనవారు ఈ రెంటిని ఒకే ఏవగింపుతో చూచి, ఒకే మందుసీసా కొని తెచ్చి, ఒకే చేతితో రెంటిమీదను చల్లుదురు. ఈ పద్ధతి నాకు ఎన్నడును సమంజసముగా తోచలేదు. బొద్దింక మన అశ్రద్ధను ఆశ్రయించి బ్రతుకును. ఆ అశ్రద్ధవలన పెరిగిన పురుగులను తిని బల్లి బ్రతుకును. మొదటిదానిని వెడలగొట్టి, రెండవదానితో హద్దులు ఏర్పరచుకొని కాపురము చేయుట గృహనిర్వహణమున ఒక ముఖ్యమైన విద్య యని నమ్మి, దానిని చిరకాలముగా శ్రద్ధతో అభ్యసించుచున్నాను.

వెడలగొట్టదలచినవారు ముందుగా ఇంట చేరిన బొద్దింక ఏ జాతిదో గుర్తింపవలెను. మన యిండ్లలో కానవచ్చునవి ప్రధానముగా రెండు తెగలు. బొటనవ్రేలి పొడవున, ఎర్రని గోధుమవన్నెతో నిగనిగలాడుచు, ఉక్కపోత రాత్రులలో ఒక్కొక్కప్పుడు ఎగిరి మీద వ్రాలు పెద్దది మురుగుకాలువల నివాసి. వానలకు తూములు నిండినప్పుడు స్నానాలగది జాలీగుండ పైకెక్కి వచ్చును. రెండవది ఇంచుమించు అర అంగుళము పొడవు గలది, లేతవన్నెది, తలవెనుక రెండు నల్లని చారలు గలది. దీనికి మురుగుతో పనిలేదు. ఫ్రిజ్జు మోటారు వెచ్చదనము, మిక్సీ అడుగుభాగము, అలమార తలుపుల బందుల సందులు చాలును. పెద్దది తన గుడ్లతిత్తిని ఏ అట్టపెట్టె మూలనో అంటించి పోవును. అందు ఇంచుమించు 16 గుడ్లుండును, పొదిగిన పిల్ల ఎదుగుటకు అనేక మాసములు పట్టును. చిన్నది మాత్రము 30 మొదలు 40 వరకు గుడ్లు గల తిత్తిని, పిల్లలు వెలువడు సమయము వరకు, తన వెనుకభాగముననే మోసికొని తిరుగును. ఆ పిల్లలు మన వేడిమికి రెండు మూడు నెలలలోనే తల్లులగును. పెద్దబొద్దింకను చూచి ఇల్లెగిరిపోవునట్లు కేకలు వేయువారు చిన్నదానిని చూచి ఊరకుండుట నేను పలుచోట్ల గమనించితిని. భయపడవలసినది చిన్నదానికే.

ఈ చిన్నజాతి చరిత్ర నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. 2024లో ప్రకటితమైన ఒక జన్యుపరిశోధన, ఇది సుమారు 2,100 సంవత్సరముల క్రిందట భారతదేశమునందో బర్మాయందో మానవుల ఆవాసములను ఆశ్రయించి ప్రత్యేకజాతిగా రూపొందినదనియు, పిమ్మట వర్తకులతోడను సేనలతోడను పడమటికి తరలి, ప్రపంచమంతట వ్యాపించినదనియు నిరూపించినది. నేడు దీనికి అడవులలో నెలవు లేదు. మనము వండిన చోటనే ఇది బ్రతుకును, మనము వెలుగు ఆర్పిన పిమ్మటనే ఇది సంచరించును. మన వంటింట తిండి, నీరు, చాటు అను మూడును కరవైనచో పోయి దాగుటకు దీనికి వేరొక వనము లేదు. నా అభ్యాసమంతయు ఈ ఒక్క సత్యముమీద ఆధారపడియున్నది.

ఆ మూడింటిలో మనవారు తిండిని గూర్చియే ఎక్కువగా యోచింతురు; నీటిని మరతురు. కేవలము నీటితో నెలకు పైగా ప్రాణము నిలుపుకొనగల ఈ చిన్నబొద్దింక, చుట్టును తిండి యున్నను నీరు లేనిచో రెండు వారములు గడచుట దుర్లభము. కావున రాత్రి భోజనములైన తరువాతి అరగంట నాకు మిక్కిలి విలువైనది. మా అమ్మ ఎంగిళ్ళెత్తి, భోజనము చేసిన చోట శుద్ధి పెట్టి, అంట్లన్నియు తోమించి బోర్లించిన పిదపగాని వంటింటి తలుపు మూసెడిది కాదు. నట్టింట పడక వేసిన పిమ్మట సైతము లేచిపోయి పాలగిన్నెమీద మూత సరిగా నున్నదో లేదో చూచి వచ్చెడిది. మడి ఆచారములన్నింటిని నేను పాటింపలేదు గాని, ఆ రాత్రి శుద్ధిని మాత్రము విడువలేదు. అంట్లను సింకులో నానవేసి నిద్రించుట మా యింట నిషిద్ధము. తోమిన గిన్నెలు జాలీబుట్టలో ఆరుచుండగా వాటి క్రింది పళ్ళెమున నిలిచిన నీరు పారబోయవలెను; గట్టు తుడిచిన గుడ్డను పిండి పెరటి తీగమీద ఆరవేయవలెను; సింకును చివరకు పొడిగుడ్డతో ఒత్తి, దాని రంధ్రమునకు మూత పెట్టవలెను. గ్యాసుబండ క్రింద చేరు చెమ్మను, ఫ్రిజ్జు వెనుక పళ్ళెములో నిలుచు నీటిని నూటికి తొంబదిమంది ఎన్నడును చూచియుండరు. కారుచున్న కుళాయి ఒక్కటి యున్నచో తక్కిన శ్రమయంతయు వ్యర్థము.

చాటును గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. బొద్దింక విశాలమైన చోటును సహింపదు. వీపును పొట్టయు రెండును దేనికో ఆనుకొని యున్నప్పుడే దానికి నెమ్మది. 2016లో కౌశిక్ జయరామ్, రాబర్ట్ ఫుల్ అను శాస్త్రజ్ఞులు, పెద్దబొద్దింక తన యెత్తులో నాలుగవవంతునకు తక్కువైన సందులో సైతము ఒక్క క్షణమున దూరిపోగలదని ప్రయోగపూర్వకముగా చూపిరి. కనుక గోడకును గట్టునకును నడుమనున్న పగులు, గొట్టములు గోడలో ప్రవేశించు చోట నున్న ఖాళీ, చెక్క విడిన అలమార మూల మన కంటికి అల్పములైనను వాటికి మేడలు. తెల్లసిమెంటు డబ్బా ఒకటి కొని, ఒక ఆదివారము మధ్యాహ్నమంతయు మోకాళ్ళమీద కూర్చుండి ఈ సందులను పూడ్చుటలో నేను పొందిన తృప్తి సామాన్యమైనది కాదు. అంగడినుండి వచ్చిన అట్టపెట్టెలను, కోడిగుడ్ల అట్టలను ఇంట నిలువచేయు అలవాటును కూడ మానవలెను. చిన్నబొద్దింకలు పెక్కు ఇండ్లకు వాటిలోనే ప్రయాణము చేసి వచ్చును.

ఇంత చేసినను మిగిలినవాటికి మందు అవసరమగును. క్యారమ్సు బల్లపై చల్లు బోరిక్ పొడి మనకు చిరపరిచితము. దానిని గోధుమపిండితోను పంచదారతోను కలిపి ఉండలు చేసి మూలల నుంచుట మన యిండ్లలో పాతబడిన పద్ధతియే, మంచి పద్ధతియే. పొడిగా చల్లదలచినవారు కంటికి కనబడీ కనబడనంత పలుచగా, తడి తగులని సందులలో మాత్రమే చల్లవలెను; కుప్పగా పోసినచో బొద్దింక చుట్టుతిరిగి పోవును. అది మెల్లగా, కొన్ని దినములకు పనిచేయును. మనవారికి ఆ ఓపిక లేక సీసామందు కొందురు. నేడు అంగళ్ళలో దొరకు జెల్ మందు ఇంతకంటె శక్తిమంతమైనది. దానిని తిన్న బొద్దింక చాటునకు పోయి చచ్చును. దాని మలమును, శవమును తిన్న తోటి బొద్దింకలును చచ్చును. కాని జెల్ పెట్టిన చోటనే చిమ్ముమందు కొట్టువారున్నారు. ఆ ఘాటుకు బొద్దింకలు జెల్ దగ్గరకు రావు, రెండు ఖర్చులును దండుగ. పైగా సంవత్సరములతరబడి ఒకే జాతి చిమ్ముమందులకు గురియై చిన్నబొద్దింకలు వాటికి లొంగని శక్తిని సంపాదించినవి. ఎరలలో కలిపిన గ్లూకోజు తీపిని అసహ్యించుకొని తొలగిపోవు బొద్దింకలు సైతము అమెరికాలో పుట్టినవని 1993లోనే పరిశోధకులు వెల్లడించిరి. శత్రువు ఇంత త్వరగా నేర్చుకొనుచుండగా మనము విషమునే నమ్ముకొనుట తగదు.

ఇక బల్లి. గోడబల్లికి విషము లేదు. బల్లి పడిన వంటకము తిని వాంతులైనవను వార్తలు తరచుగా చదువుచుందుము. అందు భయముయొక్క పాలు ఎంతయో చెప్పలేము గాని, దాని చర్మముమీదను మలములోను సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవు లుండుట నిజము. కాబట్టి అట్టి వంటకమును పారవేయుటయే ధర్మము. గిన్నెలమీద మూతలుంచుట అంతకంటె ధర్మము. అంతకు మించిన అపరాధము బల్లియందు నాకు కానరాదు. దోమలను, రెక్కపురుగులను, సాలెపురుగులను, బొద్దింక పిల్లలను రాత్రియంతయు వేటాడి తినుచు, మన కంచమున చేయి పెట్టక బ్రతుకు ప్రాణి అది. పంచాంగములలో బల్లిపాటునకు అవయవముల వారీగా ఫలములు వ్రాసి, అది పలికినప్పుడు మాట సత్యమని తలచి, కంచి వరదరాజస్వామి ఆలయమున బంగారు, వెండి బల్లులను తాకి వచ్చిన మనవారు, దానిని పొరుగువానిగా అంగీకరించిరని నా అభిప్రాయము. దానిని జిగురు అట్టకు అంటించి, రెండు దినములు గిజగిజలాడి చచ్చునట్లు చేయుట క్రూరమైన పని. నా యింట అట్టిది జరుగనీయను.

ఐనను వంటింట దానికి తావు లేదు. దీపమునకు పురుగులు, పురుగులకు బల్లి వచ్చును గనుక పొయ్యికి పైనున్న ట్యూబులైటును పని ముగియగానే ఆర్పి, కిటికీకి దోమల జాలీ బిగించినచో సగము సమస్య తీరును. పటముల వెనుకను, మీటరు పెట్టె వెనుకను అది జంటగా పెట్టు తెల్లని గుడ్లను తీసివేయవచ్చును. నెమలి ఈకలు, కోడిగుడ్డు డొల్లలు వ్రేలాడదీయుట వలన ప్రయోజనము లేదు. నెమలి ఈక చాటుననే నిశ్చింతగా నిలిచియున్న బల్లిని మా బంధువుల యింట నేను స్వయముగా చూచితిని. కలరా ఉండలను మూలమూలల వేయుట అంతకంటె చెడ్డది. ఒకానొక జన్యులోపముతో పుట్టిన పసిపిల్లల రక్తకణములను ఆ వాయువు చిదిపివేయును.

బొద్దింకల మలము, ఎండి రాలిన కాళ్ళ పొడి కొందరు పిల్లలకు ఉబ్బసము తెచ్చును గనుక ఈ ప్రయత్నమును అల్పముగా ఎంచరాదు. కాని ఆ పిల్లలకొరకే మరియొక మాట. బజారులలో చవకగా అమ్ము బొద్దింకల సుద్ద పైరెత్రాయిడ్ జాతి విషము కలిపినది. పలకమీద వ్రాయు సుద్దకును దానికిని పసివారు భేద మెరుగరు. పిల్లలున్న ఇండ్లవారు దానిని గడప దాటనీయవలదనియు, రెండు నెలలపాటు ప్రతి రాత్రియు సింకును పొడిగా తుడిచి, అప్పటికిని బొద్దింకలు మిగిలియున్నచో మాత్రమే జెల్ చుక్కలకొరకు అంగడికి పోవలసినదనియు పాఠకులను వేడుకొనుచున్నాను.