మూఢం విడిచిన గ్రహం

పెళ్లి ముహూర్తాలు వెతికే వేళ తెలుగిళ్లలో వినిపించే ‘మూఢం’ అన్న మాట, గురుడు గాని శుక్రుడు గాని సూర్యుడికి మరీ చేరువై సంధ్యాకాంతిలో కంటికి కనబడకుండా పోయిన కాలానికి పేరు. ఏ గ్రహం ఎప్పుడు మళ్లీ చూపుకు అందుతుందో సూర్యసిద్ధాంతం తొమ్మిదో అధ్యాయమైన ఉదయాస్తాధికారం లెక్కగట్టి, గురుడికి 11, శనికి 15, కుజుడికి 17 కాలాంశలని నిర్ణయించింది. సూర్యుడు అస్తమించాక గ్రహం అస్తమించడానికి పట్టే కాలాన్ని అంశకు 4 నిమిషాల చొప్పున కొలిస్తే వచ్చేవే కాలాంశలు గనుక, గురుడి విషయంలో ఆ వ్యవధి 44 నిమిషాలు. దిగంతం దగ్గరి గ్రహాన్ని చూడటం ఎంత కష్టమో ఆ అంకెలు వేసినవారికి బాగా తెలుసు.

ఆ కష్టానికి మూలం గాలి. నడినెత్తిన ఉన్న గ్రహపు కాంతి దాటే గాలితో పోలిస్తే 30 డిగ్రీల ఎత్తున రెండు రెట్లు, 10 డిగ్రీల ఎత్తున ఐదున్నర రెట్ల గాలిని దాటవలసి వస్తుంది. ఆ దారిలో నీలికాంతి ఎర్రకాంతి కంటే కాస్త ఎక్కువగా వంగడం వల్ల గ్రహబింబం పైఅంచు నీలంగా, కిందిఅంచు ఎర్రగా చీలుతుంది; బొమ్మను తలకిందులు చేసే దూరదర్శినిలో ఈ అంచులు తారుమారవుతాయి. దీన్ని విక్షేపణం అంటారు. ఎర్ర ఫిల్టరు బిగిస్తే రంగుల చీలిక తగ్గడమే కాక బింబపు వణుకు కూడా కొంత నెమ్మదిస్తుంది.

ప్రొద్దుటూరు పరిశీలకుడికి మరొక చిక్కు ఉంది. పెరట్లో నిలబడితే చుట్టుపక్కల ఇళ్లు దిగంతాన్ని మూసేస్తాయి. మిద్దె ఎక్కితే, పగలంతా ఎండను తాగిన నాపరాళ్లూ కాంక్రీటూ రాత్రి ఆ వేడిని వదులుతూ గాలిని కదిలిస్తాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాలు నాపరాళ్లకు పేరుపడినవే గాని, నేలకు చలువనిచ్చే ఆ రాయి సాయంత్రపు పరిశీలనకు మాత్రం మేలు చేయదు. పులివెందుల వైపు తోటల మధ్య, మట్టినేల మీద దూరదర్శినిని గంట ముందే ఆరుబయట పెట్టి, దాని దర్పణం చల్లబడనిచ్చాక చూడటం ఎంతో మెరుగు.

అయితే ఈ సీమకు అక్షాంశం చేసే ఉపకారం తక్కువది కాదు. గురుడూ శనీ ఎంత దక్షిణానికి జరిగినా ఇక్కడ మధ్యరేఖ దాటే వేళకు సుమారు 50 డిగ్రీల ఎత్తుకు చేరతాయి, లండన్‌లో 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి తూర్పున పొడిచే గ్రహం కోసం కొన్ని గంటలు ఓపిక పడితే చాలు. పడమటి గ్రహానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2020 డిసెంబరు 21న గురుశనులు 6 కళల ఎడానికి, అంటే చంద్రబింబపు వెడల్పులో అయిదో వంతుకు, చేరి ఒకే దృశ్యంలో ఇమిడినప్పుడు, సూర్యాస్తమయం తర్వాత చూడటానికి ఉన్నది సుమారు రెండు గంటలే.

అన్నింటికంటే గడ్డు పరీక్ష బుధుడు. సూర్యుడికి 28 డిగ్రీలకు మించి దూరం జరగని ఈ గ్రహం, పరమ దూరంలో ఉన్నప్పుడు దాదాపు 7 వికలల వెడల్పున (కళలో అరవయ్యో వంతు వికల) అష్టమి చంద్రుడిలా సగం వెలిగి ఉంటుంది. గ్రహాలు నడిచే క్రాంతివృత్తం సెప్టెంబరు సాయంత్రాల్లో లండన్ దిగంతం మీద 15 డిగ్రీల వాలుతో పడుకుంటే, ప్రొద్దుటూరులో 52 డిగ్రీల వాలుతో లేచి నిలబడుతుంది. మార్చిలోనైతే దాదాపు నిటారుగా ఉంటుంది. ఐరోపా పరిశీలకులు ఆశపడే ఆకాశం ఇది, దాన్ని ఇక్కడివారు వాడుకోకపోవడం నిజంగా లోటే.

బుధుణ్ణి వెతకదలచినవారు సాయంత్రమైతే సూర్యబింబం పూర్తిగా మునిగాకే దూరదర్శినిని పడమటికి తిప్పాలి, తెల్లవారుజామునైతే సూర్యోదయానికి ముందే కన్ను తీసేయాలి. కటకంలో పడిన ఒక్క క్షణపు ఎండ చూపును శాశ్వతంగా పోగొట్టగలదు.