తెరకు ఇరువైపులా బతుకుతెరువు

సత్యహరిశ్చంద్ర నాటకం మన తీరపు ఊళ్లలో ఎక్కడ ఆడినా జనం కాచుకుని కూర్చునేది కాటిసీను కోసమే. అప్పటికి పిల్లలు చాపల మీద నిద్రపోయి ఉంటారు, పెద్దవాళ్లు మాత్రం కన్ను మూయరు. ఆ సీనులో జనానికి నోటికి వచ్చిన పద్యాల్లో కొన్ని నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవివి కావు, గుర్రం జాషువావి. జాషువా శ్మశానవాటి మీద విడిగా రాసుకున్న పద్యాలను నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. జనం వాటిని ఇక కదలనివ్వలేదు. బలిజేపల్లి పుట్టింది మన కర్లపాలెం ఉన్న పాత బాపట్ల తాలూకాలోనే, ఇటికంపాడులో. జాషువాది వినుకొండ. కులం పేరుతో బతుకంతా అవమానాలు పడ్డ కవి. పంక్తిలో పక్కన కూర్చోనివ్వని రోజుల్లోనే ఆయన పద్యం రంగస్థలం నడిమధ్యకు వచ్చి నిలబడింది.

పద్యం వచ్చినంత తేలిగ్గా మనిషి రాగలిగాడా అన్నది నా ప్రశ్న. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య పల్లెల్లో పద్యనాటకం ఒక వినోదంగానే బతకలేదు. నటుడికి, హార్మోనిస్టుకు, తబలిస్టుకు, మేకప్ చేసేవాడికి, డ్రెస్సులు అద్దెకిచ్చేవాడికి, సీన్లు కట్టేవాడికి, నాటకాన్ని కుదిర్చే కాంట్రాక్టరుకు అది కూడు పెట్టింది. ఆ కూటి దగ్గరకు ఎవరు ఏ వాకిట్లోంచి రాగలిగారు, ఎవరు బయటే ఆగిపోయారు అన్నది చూడకుండా ఈ కళ గొప్పదనం గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది. నా నమ్మకం ఒకటే. పద్యనాటకం పూర్తిగా నేర్పగలిగిన విద్య. నేర్పడానికి కుదిరే విద్యను ఇంటిపేరుకో కులానికో మగపుట్టుకకో కట్టేసి ఉంచాల్సిన పని లేదు.

పద్యం పాడటమంటే గొంతెత్తి రాగం తియ్యడమేనని చాలామంది అనుకుంటారు. రాగం వచ్చేది చాలా తర్వాత. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, యతి పదకొండో అక్షరం. శార్దూలానికి 19, మత్తేభానికి 20. కవి ఈ లెక్కలో మాటలను సంధులతో కలిపి, ఒక పాదంలో మొదలెట్టిన మాటను రెండో పాదంలోకి దాటించి రాస్తాడు. కొత్తగా నేర్చుకునేవాడు పాదం చివర ఆగితే మాట రెండు ముక్కలై అర్థం పోతుంది. అందుకే మంచి గురువు ముందు బాజాపెట్టె తెరవడు. పద్యాన్ని వచనంలా చెప్పిస్తాడు. కర్త ఎవరు, క్రియ ఎక్కడుంది, ఎవరితో అంటున్నాడు, కోపంతోనా బతిమాలుతూనా అని అడుగుతాడు. అన్వయం నోటికి పట్టాక మాటలు ఎక్కడ విడగొట్టాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టిస్తాడు. ఊపిరి దొరికే చోటు తెలియనివాడికి ఎంత గాత్రం ఉన్నా సీసపద్యం మధ్యలోనే ఆయాసం వస్తుంది. సీసం నాలుగు పెద్ద పాదాలు అయ్యాక ఇంకా ఎత్తుగీతి మిగిలి ఉంటుంది కదా.

ఆ తర్వాతే శ్రుతి, ఆపైన రాగం. మోహన, కాంభోజి, కల్యాణి, సింధుభైరవి, భీంపలాస్ వంటివి ఈ రంగం మీద బాగా నలిగిన రాగాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ధార్వాడ కంపెనీలు, పార్సీ కంపెనీలు తెలుగు ఊళ్లకు వచ్చి వెళ్లాక హిందుస్థానీ బాణీలూ హార్మోనియమూ మన నాటకంలో కుదురుకున్నాయి. రౌద్రానికి ఒక రాగం, దైన్యానికి ఒక రాగం అని అలవాటు ఏర్పడింది. అయితే పద్యానికి తాళం కట్టరు. తాళం లేదు గనక ఎక్కడ సాగదియ్యాలి, ఎక్కడ గబగబా వదిలెయ్యాలి అన్నది నటుడి చేతుల్లోనే ఉంటుంది. మాట వినపడాలి, రాగం ఆ మాటను మోయాలి. ఒన్స్ మోర్ కోసం చివరి అక్షరం మీద నిమిషాల తరబడి ఆలాపన చేసేవాళ్లను జనం మెచ్చుకున్నారు, నిజమే. కానీ మాటను మింగేసే ఆలాపన నాకు ఎప్పుడూ రుచించలేదు. పాత్ర పోయి పాటగాడు మిగులుతాడక్కడ.

హార్మోనిస్టు గురించి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్ల అవకాశం చాలాసార్లు ఆయన వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. సాధారణంగా మేళం మొత్తం పేరున్న మగనటుడి శ్రుతిలో నడుస్తుంది. చంద్రమతి వేసే ఆవిడ గొంతుకు ఆ శ్రుతి పడకపోతే ఆవిడ అరవాలి, లేదా గొంతు లోపలే నలగాలి. అదే రాగాన్ని వేరే మెట్టు నుంచి అందుకుని, ఆవిడ పద్యం అవగానే మళ్లీ నటుడి శ్రుతికి వచ్చేయగల హార్మోనిస్టు ఉంటే ఇద్దరూ హాయిగా పాడతారు. ఇది సాధనతో వచ్చేదే. మైకు కూడా ఇలాంటి మార్పే తేవాల్సింది. మైకు లేని రోజుల్లో చివరి వరసకు వినపడే గొంతే గొంతు. మైకు వచ్చాక సన్నని గొంతుకూ చోటుంది, అయినా పాత కొలతే ఇంకా నడుస్తోంది.

మగవాళ్లు కట్టిన ఆడవేషాల చరిత్రలో మన బాపట్లకు ప్రత్యేకమైన చోటుంది. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి తెలుగుదేశాన్ని మురిపించారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, రంగూన్ రౌడీలో అన్నపూర్ణ, కన్యాశుల్కంలో మధురవాణి. వీళ్లు నలుగురూ నాలుగు లోకాల ఆడవాళ్లు. ఒక పట్టపురాణి అలకకూ ఒక వేశ్య లౌక్యానికీ ఒకే నడక సరిపోదు. ఆయన పాత్ర పాత్రకూ నడక, చీరకట్టు, చూపు, మాట విరుపు మార్చారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. అదే కాలంలో మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వ కూడా ఇలాగే ఆడవేషాలతో వెలిగారు. స్థానం నేర్పిన పాఠం నాకు తోచినంతలో ఇదీ: ఆడతనమైనా మగతనమైనా రంగం మీద పరిశీలనతో, సాధనతో కట్టే వేషం. అలాంటప్పుడు ఆ వేషం కట్టే హక్కు ఆడవాళ్లకు అన్నేళ్లు ఎందుకు లేకపోయింది?

లేదని అనడం పూర్తిగా సరికాదు కూడా. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన సురభి సమాజంలో తొలినాళ్ల నుంచే ఇంటి ఆడవాళ్లు ఆడపాత్రలు వేశారు. అమ్మ వేషం కడుతుంటే పిల్ల పక్కవింగులో నిద్రపోయేది, కాస్త ఎదగ్గానే లోహితాస్యుడో ప్రహ్లాదుడో అయ్యేది. చదువు, ఉద్యోగం, కాపురం అన్నీ ఒకే డేరా కింద నడిచాయి. ఆ సురభికి ఆద్యుడైన వనారస గోవిందరావు పూనికతోనే 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. నటుడు బళ్లారి రాఘవ స్త్రీపాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టారు, కొమ్మూరి పద్మావతీదేవి ఆయన పక్కన నటించారు. కానీ సురభి ఇంట్లో పుట్టని అమ్మాయికి, రాఘవ వంటి పెద్దమనిషి అండ లేని అమ్మాయికి దారి కష్టమే. నాటకం వేసే ఆడదానికి ఊరు చప్పట్లు కొట్టింది, ఇల్లు అద్దెకివ్వడానికి మాత్రం ఆలోచించింది.

పాత గుంటూరు జిల్లా నేల మీదే ఇంకో దారి తెరుచుకుంది. 1920లో పొన్నెకల్లులో పేద ముస్లిం ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరి దాకా, ఉద్యమం దాకా నడిపించారు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం చెబుతాడు, ఒక వంత హాస్యం. ముగ్గురూ చేతిపనీ కాలిపనీ నోటిపనీ ఒక్కసారే చెయ్యాలి. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి కూలివాడినీ రైతునూ వేదిక ఎక్కించింది, ఆడవాళ్ల బుర్రకథ దళాలను నడిపింది. పల్నాటి వీరుల కథ ఒక ముస్లిం గొంతులోంచి వింటూ ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వంటివాడు పైకి వచ్చింది పుట్టుకబలంతో కాదు. నేర్పి, ఊళ్లు తిప్పే సంస్థ ఒకటి ఆయన వెనక నిలబడింది.

పద్యనాటకానికి తనదైన ఒక నిచ్చెన ఉంది, దాన్ని మనం సరిగా వాడుకోవడం లేదు. కురుక్షేత్రం ఆడేటప్పుడు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీనుకొకరు వేషం కడతారు. హరిశ్చంద్రలోనూ అంతే, కాటిసీను హరిశ్చంద్రుడు వేరు. ఒక్క మనిషి రాత్రంతా పాడలేడు గనక, పేరున్నవాళ్లను నలుగురిని పిలిస్తే జనం వస్తారు గనక ఈ పద్ధతి వచ్చింది. కానీ కొత్తవాడి వైపు నుంచి చూడండి. వాడు నాటకం మొత్తం నేర్చుకోనక్కర్లేదు. ఒక సీను పోర్షన్ రాసుకుని, పది పన్నెండు పద్యాలు గట్టిగా సాధన చేస్తే చాలు, అనుభవమున్న మిగతావాళ్ల మధ్య నిలబడవచ్చు. ఒకటో కృష్ణుడి చోటును ప్రతి నాటకంలోనూ కొత్తవాళ్లకు, అందులో వీలైనన్నిసార్లు ఒక అమ్మాయికి, ఇవ్వాలని కాంట్రాక్టర్లూ ఉత్సవ కమిటీలూ అనుకుంటే దానికి కొత్తగా డబ్బు కూడా అక్కర్లేదు. కృష్ణుడి వేషం ఆడవాళ్లు కట్టడం మన జనానికి కొత్తేమీ కాదు, ఆదరించి చూశారు.

దారులు మూసుకుపోవడం కూడా చూశాం. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం చింతామణి నాటక ప్రదర్శనను నిషేధించింది. అందులోని వైశ్యుడు సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ నాటకం మీద బతికే కళాకారులు వీధికెక్కారు. కాళ్లకూరి నారాయణరావు రాసినదాని మీద తరాల తరబడి చేర్చిన మోటు హాస్యమే ఈ బాధకు చాలావరకు కారణమని నేననుకుంటాను. ప్రేక్షకుల్లో ఒక వర్గాన్ని నొప్పించి తెచ్చుకున్న నవ్వు చివరికి కళాకారుడి కంచంలోంచే ముద్ద తీసింది. ఎవరినీ తక్కువ చెయ్యకుండా నవ్వించడం కూడా నేర్పాల్సిన విద్యే.

పొరుగు రాష్ట్రాల్లో రెండు బళ్ల అనుభవం మనకు పనికొచ్చేది. కర్ణాటకలో వక్కతోటల మధ్య హెగ్గోడు అనే చిన్న ఊళ్లో కె.వి. సుబ్బణ్ణ నీనాసం సంస్థను పెంచారు. 1980లో అక్కడ నాటక పాఠశాల మొదలైంది. 1985 నుంచి తిరుగాట అనే బృందం నాటకాలు తీసుకుని రాష్ట్రమంతా తిరుగుతోంది. చదువు ముగించిన కుర్రాళ్లకూ అమ్మాయిలకూ అందులో తొలి జీతం దొరుకుతుంది. చదువు పక్కనే ఉద్యోగం పెట్టడం ఆయన చేసిన తెలివైన పని. తమిళనాడులో కాంచీపురం దగ్గర పి. రాజగోపాల్, హన్నె డి బ్రూయిన్ కట్టైక్కూత్తు సంగం నడిపారు. మగవాళ్లదే అనుకున్న ఆ వీధినాటకాన్ని 2002లో పెట్టిన గురుకులంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ బడిచదువుతో పాటు నేర్పారు. రాత్రంతా ఆడే కూత్తులో ఆ అమ్మాయిలు వీరుల వేషాలు కట్టారు.

కర్లపాలెంలో అంత పెద్దది వెంటనే రాకపోవచ్చు. మొదలెట్టడానికి కావలసినవి మాత్రం ఇక్కడే ఉన్నాయి. అటు బాపట్ల, ఇటు రేపల్లె, పైన తెనాలి, మూడూ బస్సు దూరం. పద్యం తెలిసిన పాతతరం నటులు, హార్మోనిస్టులు ఇంకా ఈ పల్లెల్లో ఉన్నారు. కేంద్రం తరఫున సీసీఆర్‌టీ అనే సంస్థ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కళల స్కాలర్‌షిప్ ఇస్తుంది, సంస్కృతి శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువకళాకారులకు వేరే స్కాలర్‌షిప్ ఇస్తుంది. మధ్యలో 14 నుంచి 18 దాకా కొత్తగా చేరాలనుకునేవాళ్లకు ఈ రెంటిలోనూ చోటు లేదు. మగపిల్లవాడి గొంతు మారేదీ, ఆడపిల్లను ఇంటివాళ్లు రిహార్సల్ మాన్పించేదీ సరిగ్గా ఆ వయసులోనే. ఊరి హైస్కూల్లో వారానికి రెండు సాయంత్రాలు పద్యం క్లాసు పెడితే ఆ ఖాళీ పూడుతుంది. గొంతు మారే ఏడాది ఆ కుర్రవాడిని పాడించకుండా మేకప్, లైట్లు, ప్రాంప్టింగ్, తబలా నేర్పవచ్చు. చూపు లేని పిల్లలకు ఈ క్లాసు మరీ అనువైనది, ఎందుకంటే పద్యం చెవితో నేర్చుకునేది. హార్మోనియం మెట్లు వేళ్లకు తెలిస్తే చాలు. ట్రాన్స్‌జెండర్ కళాకారులను నవ్వుల వేషాలకే పరిమితం చెయ్యకుండా చంద్రమతి, ద్రౌపది పాత్రలు ఇచ్చి పద్యం నేర్పాలి.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సినవి చిన్న పనులు. నాటకం పెట్టించే కమిటీ స్టేజీ వెనక ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఒకటి, మరుగుదొడ్డి ఒకటి ఏర్పాటు చెయ్యాలి. ఒప్పుకున్న డబ్బు ఎవరికెంతో కాగితం మీద రాసి, మేకప్ చేసే మనిషి దాకా అందరికీ నాటకానికి ముందే చెప్పాలి. తెల్లవారుజామున నాటకం అయ్యాక తెనాలి నుంచి వచ్చిన అమ్మాయిని మొదటి బస్సు కోసం రోడ్డు మీద నిలబెట్టకుండా బండిలో ఇంటిదగ్గర దింపాలి, ఆ బండి కిరాయిని సీన్ల అద్దెతో పాటు ఖర్చుల జాబితాలోనే రాసుకోవాలి.