డోర్నకల్ చర్చి: గుమ్మటం మీది సిలువ

మెదక్ చర్చిని ఎరిగినవారికి డోర్నకల్ చర్చి మొదట మసీదులా, పిదప మండపంలా తోస్తుంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గోథిక్ శైలిలో 175 అడుగుల శిఖరంతో నిలిచింది. కరవు రోజుల్లో ఆ కట్టడపు పనే వేలమందికి కూడు పెట్టింది. ఆ ఋణం కాదనలేనిది. రూపంలో మాత్రం అది పరదేశి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వేరు దారి పట్టారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ చర్చిలో గుమ్మటాలు, మినార్లు, ద్రావిడ స్తంభాలు కలిశాయి. దీన్ని వట్టి అలంకారమనడం తేలిక. కాని మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన విశ్వాసులకు గుడి స్తంభం అంతవరకు దూరం నుంచి చూడవలసిన వస్తువే. ఇక్కడ దానికి వీపానించి కూర్చున్నారు.