ప్రవాసాంధ్ర వాఙ్మయ నిర్వచనము: మన్యపు వలసల వెలుగులో పునఃపరిశీలనము

"ప్రవాసాంధ్ర వాఙ్మయము" అను మాట మన పాఠ్యప్రణాళికలలో నేడు స్థిరపడినది. ఊరు విడిచి దూరదేశములకు పోయిన తెలుగువారు అచ్చట తమవారి నెట్లు కనుగొనిరి, ఏ కూడలియందు కలిసికొనిరి, ఏ భాషలో పలుకరించుకొనిరి అను ప్రశ్నలే ఈ అధ్యయనమునకు మూలములు. అయితే దీనికై మనము వాడుచున్న కొలమానము సమగ్రమైనదేనా? తూర్పుకనుమల గిరిజనుల వలసను దృష్టాంతముగా గైకొని ఈ ప్రశ్నను పరిశీలించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

ప్రవాసాంధ్రుల చరిత్రను చెప్పునపుడు మనము సామాన్యముగా సంఘముల స్థాపనతో ఆరంభింతుము. దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ 1931లో వెలసినది. ఫిజీలో ఆంధ్ర సంఘము 1941లోను, మారిషసున ఆంధ్ర మహాసభ 1947లోను, మలయాలో ఆంధ్ర సంఘము 1955లోను ఏర్పడినవి. సంఘము పుట్టినపిమ్మట బడి, బడి పిమ్మట పత్రిక, పత్రికతోపాటు రచన. ఈ క్రమము చూచుటకు సొంపుగా నున్నది. పరదేశమున తెలుగువాడు తెలుగువాని నెట్లు కనుగొనెనన్న ప్రశ్నకు ఇందు సిద్ధమైన సమాధానము కలదు. సంఘపు చిట్టాలో పేరు వ్రాయించుకొని కనుగొనెను. ఈ సంఘములు చేసిన సేవ చిన్నది కాదు. చెరకుతోటల కూలీల మనుమలు నేడు అక్షరమాల నెరుగుదురన్న అది వాని చలువయే. మా ఆక్షేపణ ఆ సంఘములపై కాదు. సంఘము, బడి, పత్రిక అను మూడు గురుతులు లేనిచోట ప్రవాసమే లేదనుకొను మన విమర్శ దృష్టిపైననే.

ఈ మూడు గురుతులును లేని వలస యొకటి మన కొండలనుండి సాగినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి అస్సాము తేయాకు తోటలకు కూలీల ఎగుమతి పెరిగెను. 1859 నాటి ఒడంబడిక ఉల్లంఘన చట్టము మొదలు 1901 నాటి అస్సాము శ్రామిక వలస చట్టము వరకు వెలువడిన శాసనములు కూలీని తోటకు కట్టివేసినవి. మద్రాసు రాజధానియందలి గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి ఈ తోటలకు పోయినవారిలో సవరలు ముఖ్యులు. వారి సంతతి నేటికిని అచ్చట కలదు. తెలుగునాటనుండి పోయిన ఇతరులను తోటలలో 'తెలెంగా' అను పేర వ్యవహరించుచున్నారు.

వీరిని ప్రవాసాంధ్రులలో చేర్చుటకు మూడు అభ్యంతరములు చెప్పవచ్చును. మొదటిది, అస్సాము పరదేశము కాదనుట. ఇది నిలువదు. బర్మాయును 1937 వరకు బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రమే. అయినను రంగూను తెలుగువారిని ప్రవాసులుగా లెక్కించుటకు ఎవరును సంకోచింపలేదు. రెండవది, సవరభాష ముండా కుటుంబమునకు చెందినది కావున సవర తెలుగువాడు కాడనుట. ఆంధ్రదేశమును భూమిగా నెంచునపుడు కొండలను కలుపుకొని, జనముగా నెంచునపుడు కొండవారిని విడిచిపెట్టుట న్యాయమనిపించుకొనదు. మూడవది, వారు వాఙ్మయమును విడిచిపోలేదనుట. ఇది తక్కిన రెండింటికంటె బలమైనది. దీనికి సమాధానము వెదకుటకే మనము అరకులోయకు పోవలసియున్నది.

సవరల నివాసము ప్రధానముగా అరకునకు ఈశాన్యముననున్న కొండలు. అయినను అరకును ముందు చూడవలెననుటకు కారణము కలదు. మనిషి పరాయిచోట తోడును కనుగొన్న తీరు తెలియవలెనన్నచో, అతడు పుట్టినచోట పొరుగువానిని కనుగొన్న తీరు ముందు తెలియవలెను. భిన్నభాషలవారు ఇరుగుపొరుగులుగా మనుట యెట్లో అరకులోయ స్పష్టముగా చూపును. అచ్చట బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, ఖోందులు, గదబలు దగ్గర దగ్గర పల్లెలలో నివసింతురు. గదబ అను ఒక్క పేరు క్రిందనే రెండు భాషా కుటుంబములు కలవు: గుతోబ్ మాటలాడువారిది ముండా భాష, ఒల్లారి మాటలాడువారిది ద్రావిడ భాష. కొండదొరల కూబి భాషను ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు పరిశోధించి 1969లో గ్రంథముగా ప్రకటించిరి. కాని ఆ తెగలో తెలుగే ఇంటిభాషయైనవారు పెక్కురు. ఇన్ని భాషలవారిని సంతలో కలుపునది ఆదివాసీ ఒడియా. అది ఒకరి సొత్తు కాదు; అందరి వాడుక.

భాష చేయలేని పనిని అచ్చట నాట్యము చేయుచున్నది. థింసా ఒక తెగ నాట్యము కాదు. పెక్కు తెగలు దానిని తమదిగా నాడుదురు. చైత్రమున ఇటుకల పండుగ వేళ ఒక పల్లెవారు మరియొక పల్లెకు పోయి ఆడి, వారితో సహపంక్తిని భుజించు ఆచారము కలదు. దానిని 'సంకిడి కెల్బార్' అందురు. 'కెల్బార్' అనగా ఆడుట. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. వచ్చినవారు పాటలోని ప్రతి మాటను ఎరుగనక్కరలేదు. అడుగు కలిసిన చాలును. చేయి పట్టుకొనుటకు వెనుకనున్నవాని భుజము దొరికిన చాలును. పరిచయమునకు పూర్వమే పాల్గొనుట యిచ్చట నియమము. సంఘమునందు ముందు పేరు, పిమ్మట ప్రవేశము. థింసాయందు ముందు ప్రవేశము, పిమ్మట పేరు. ఈ భేదమే మన నిర్వచనమును సవరించుటకు ఆధారము.

ఈ వెలుగులో అస్సామును చూతము. తోటలలో సవరకు ఇరుగుపొరుగులైనవారు చోటానాగపురమునుండి వచ్చిన ముండాలు, ఓరాఁవులు, సంతాలులు, ఒడియా సీమలవారు. కాలక్రమమున వీరందరికి సాద్రి మూలముగా నేర్పడిన తోటభాష ఉమ్మడి వాడుకయైనది. ఝుమురు ఉమ్మడి నాట్యమైనది. మన వాడుక కొలమానమున చూచినచో ఇది నష్టముల పట్టిక: భాష తరిగినది, పాట మారినది, తెగపేరు మరుగుపడినది. కాని అరకునుండి చూచువారికి మరియొక సంగతి గోచరించును. కొండలలో ఆదివాసీ ఒడియా చేసిన పనిని తోటలలో సాద్రి చేసెను; థింసా చేసిన పనిని ఝుమురు చేసెను. మారిషసు తెలుగువాడు పరదేశమున తనవానిని వెదకి కనుగొనెను. తోటలోని సవర తనవాడు కానివానిని తనవానిగా చేసికొనెను. మొదటిది రక్షణము, రెండవది విస్తరణము. రెండును ప్రవాసధర్మములే. మన విమర్శ మొదటిదానిని మాత్రమే సాహిత్య చరిత్రగా నెంచి, రెండవదానిని లోపముగా త్రోసిపుచ్చినది.

ఇట్లు చెప్పుటలో కష్టమును కప్పిపుచ్చు దోషము రాకుండ జాగ్రత్తపడవలెను. బర్మాకు కూలీలను కూర్చినవాడు మేస్త్రి, మలయాకు కంగాణి, అస్సాముకు సర్దారు. ఈ సర్దారు పరాయివాడు కాడు. తోటలో పనిచేయుచుండగా యజమానులు అతనిని తిరిగి సొంత పల్లెకు పంపి, బంధువులను, ఊరివారిని పోగుచేయించిరి. కావున వలసపోవు మనిషికి దారిలో కలిసిన మొదటి 'మనవాడు' తోడునీడయు నైయుండవచ్చును, వలలోని గింజయు నైయుండవచ్చును. ప్రవాసమున స్వజనము దొరకుట సర్వదా శుభమని తలచు వ్యాసములు ఈ విషయమును విస్మరించినవి. మూడేండ్లు పనిచేసిన కూలీని యజమాని ఖర్చుపై ఇంటికి పంపవలెనను హక్కు 1932 నాటి చట్టముతో గాని రాలేదు. వేరొక నష్టము నేటికిని తీరలేదు. ఇచ్చటి సవర షెడ్యూల్డు తెగవాడు. అచ్చటి అతని దాయాది తోటజనములలో నొకడుగా ఇతర వెనుకబడిన వర్గముల పట్టికలో లెక్కింపబడుచు వచ్చెను. విస్తరించిన బంధుత్వమునకు అతడు చెల్లించిన మూల్యము తన పేరే యనవలెను.

మన్యపు మనిషి పనికై ఊరు వదలు ఘట్టమును నవలలో చూపినవారు లేకపోలేదు. గోపీనాథ మహాంతి ఒడియాలో రచించిన 'పరజా' (1945) అట్టిది. అందలి కోరాపుటు సీమ 1936 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదే. పరజాలు అరకు పోర్జాల జ్ఞాతులే. కావున తెలుగు విమర్శకు అది పరాయి గ్రంథము కాదు. అందు సుక్రు జానీ కుమారులు సాహుకారునకు వెట్టివారగుదురు. కుమార్తెలు జిలి, బిలి రోడ్డుపనికి పోవుదురు. నవల దృష్టి ఒక కుటుంబము విచ్ఛిన్నమగు తీరుపై నిలిచినది, ఆ శోకమును చూపుటలో దానికి సాటివచ్చునవి తక్కువ. అయితే ఊరు వదలుటను పతనముగా చూచు దృష్టికి, ఊరికి వెలుపల పుట్టు కొత్త పొత్తు కథావస్తువు కాజాలదు. ఈ ఖాళీని నవల పూరింపవలెనని మేము కోరుట లేదు. విమర్శకుడు దానిని గుర్తింపవలెనని మాత్రమే మా మనవి.

ఇక తెలుగువారు గర్వింపదగిన కృషి గిడుగు రామమూర్తి పంతులుగారిది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరభాష నేర్చి, సొంత ఖర్చుతో సవర బాలురకు బడులు నడపి, 1931లో ఇంగ్లీషున సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. ఇంచుమించు ఆ కాలముననే, 1920ల దశకమున, తేయాకు జిల్లాల శ్రామిక సంఘమువారును సవరభాషకు చేతిపుస్తకము నొకదానిని అచ్చువేయించిరి. పేరునుబట్టి అది శ్రామికుల సంఘమని భ్రమపడరాదు. కూలీలను సమకూర్చుకొనుటకు తోటల యజమానులు ఏర్పరచుకొన్న సంస్థ యది. ఒకే భాష రెండు ప్రయోజనములకై అచ్చెక్కినది: ఒకటి పిల్లవానికి చదువు చెప్పుటకు, రెండవది కూలివానిచే పని చేయించుటకు. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదివిన పరిశోధన మన శాఖలలో రావలసియున్నది. తోటలోని సవరకు తన మాట తోడివాని నోట ఓదార్పుగను, యజమాని నోట ఆజ్ఞగను వినబడియుండును. ఒకే పలుకునకు గల ఈ రెండు విలువలను ఎన్నలేని భాషాచరిత్ర అసమగ్రము.

1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరగా, గిడుగువారు దానిని సహింపక ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ సంవత్సరమే మంగేయి గొమాంగో సవరభాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అను లిపిని వెలువరించెను. సరిహద్దు ఒక జనమును చీల్చిన యేడే ఆ జనమునకు సొంత అక్షరము కలిగినది. ఆ జనపు భాషకై పాటుపడిన తెలుగు పండితుడు తానే వలసపోయెను. ప్రవాసము ఓడ యెక్కినవారికి మాత్రమే కలుగునది కాదని దీనివలన తెలియుచున్నది. మనిషి కదలకున్నను గీత కదలిన చాలును.

పై చర్చనుబట్టి మేము సూచించు నిర్వచనమిది: ఆంధ్రభూమినుండి వలసపోయినవారు పరాయిచోట మనుగడకై కల్పించుకొన్న పొత్తులకు వాక్కు, పాట, అడుగు, పిలుపు అను రూపములలో కలిగిన అభివ్యక్తి యెల్ల ప్రవాసాంధ్ర వాఙ్మయము. అచ్చుపుస్తకము అందొక భాగము, అంతయును కాదు. పరిశోధక విద్యార్థులకు ఇందు చేయదగిన పని కలదు. సీతంపేట, భామిని ప్రాంతములలోని సవర పల్లెలలో అస్సాము పోయినవారిని గూర్చి యింటింట నిలిచిన జ్ఞాపకములను సేకరింపవలెను. వావివరుసల పిలుపులను తోటలలోని పిలుపులతో పోల్చి చూడవలెను. ముదుసళ్ల నోట నున్నది వారితోనే పోవును. సంఘముల చిట్టాలు మరి కొంతకాలము వేచియుండగలవు. ఈ జ్ఞాపకములు వేచియుండవు.